30కి 27: తల గాయం తర్వాత ఆక్యుపేషనల్ థెరపీలో నా అనుభవం

తలకు దెబ్బ తగిలి ఆసుపత్రిలో చేరిన మనిషి తన కాళ్ల మీద తాను నడుస్తూ, పలకరిస్తే పొందికగా బదులిస్తూ ఇల్లు చేరితే, చుట్టూ ఉన్నవాళ్లు పూర్తిగా కోలుకున్నాడనే అనుకుంటారు. ఆ మనిషి కూడా అలాగే అనుకుంటాడు. పైగా అందరికన్నా గట్టిగా అనుకుంటాడు. రోజువారీ పనులు తిరిగి సొంతంగా చేసుకునేలా చేసే చికిత్స ఆక్యుపేషనల్ థెరపీ. నా థెరపీలో చాలా భాగం ఈ నమ్మకంతో పెనుగులాడటానికే సరిపోయింది కాబట్టి ఇక్కడ కూడా దాని గురించే ఎక్కువగా రాస్తున్నాను.

రోడ్డు ప్రమాదం తర్వాత నన్ను ఆసుపత్రికి తీసుకువచ్చేసరికి గ్లాస్గో కోమా స్కేల్ మీద నా స్కోరు 10 అని డిశ్చార్జి కాగితాల్లో ఉంది. గ్లాస్గోలో పనిచేసిన గ్రాహమ్ టీస్‌డేల్, బ్రయాన్ జెన్నెట్ 1974లో ప్రవేశపెట్టిన ఈ కొలమానంలో కళ్లు తెరవడం, మాట్లాడటం, కదలడం అనే మూడింటినీ చూసి 3 నుంచి 15 వరకు అంకె వేస్తారు. 13 లేదా అంతకన్నా ఎక్కువైతే స్వల్పం, 9 నుంచి 12 వరకు మధ్యస్థం, 8 లేదా అంతకన్నా తక్కువైతే తీవ్రం అని వర్గీకరిస్తారు. ఆ తర్వాత చాలా రోజులు నేను మేలుకునే ఉన్నానట, మాట్లాడుతూనే ఉన్నానట, అక్కను గంటకోసారి అదే ప్రశ్న అడిగేవాడినట. వాటిలో ఒక్కటీ నాకు గుర్తు లేదు. కొత్త విషయమేదీ మనసులో నిలవని ఈ దశ ఎంత ఎక్కువ కాలం సాగితే గాయాన్ని అంత తీవ్రమైనదిగా వైద్యులు లెక్కిస్తారు.

స్కానింగ్‌లో కనిపించిన దెబ్బలు నుదుటి వెనక, ఫ్రాంటల్ లోబ్ అడుగుభాగంలో ఉన్నాయి. అక్కడ కపాలం నేల నున్నగా ఉండదు, ఎముక గరుకుగా, మిట్టలు మిట్టలుగా ఉంటుంది. వేగంగా కదులుతున్న తల ఒక్కసారిగా ఆగినప్పుడు మెదడు ముందుభాగం, కణతల దగ్గరి భాగం ఆ గరుకు మీద రాసుకుని కమిలిపోతాయి. మాట, నడక నిలబడి ఉండి, ఒక పనిని తనంతట తాను మొదలుపెట్టడం, మధ్యలో తప్పిపోకుండా సాగించడం, పరిస్థితి మారితే పద్ధతి మార్చుకోవడం వంటివి మాత్రం దెబ్బతినడం ఈ రకం గాయాల్లో తరచూ కనిపిస్తుందని న్యూరాలజిస్ట్ వివరించారు. నేను శ్రద్ధగా విన్నాను, తల ఊపాను, అది ఇంకెవరి గురించో అనుకున్నాను.

అలా అనుకోవడానికి నా చేతిలో సాక్ష్యం కూడా ఉంది. ఇంటికి వచ్చిన కొంతకాలానికి జ్ఞాపకశక్తి, ఆలోచన ఎలా ఉన్నాయో చూసే మోకా (MoCA) పరీక్ష పెట్టారు. మాంట్రియల్‌లో జియాద్ నస్రెద్దీన్ బృందం రూపొందించి 2005లో ప్రచురించిన ఈ పరీక్ష సుమారు పది నిమిషాల్లో ముగుస్తుంది: ఘనాన్ని చూసి గీయడం, పదకొండు దాటి పది నిమిషాలైనట్టు గడియారం బొమ్మ వేయడం, వందలోంచి ఏడు చొప్పున తీసివేస్తూ పోవడం, ముందు విన్న ఐదు మాటలను కాసేపయ్యాక తిరిగి చెప్పడం వంటివి ఉంటాయి. 26, ఆపైన వస్తే మామూలుగా ఉన్నట్టు లెక్క. నాకు 30కి 27 వచ్చాయి. ఆ కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుని, నా మతిమరుపు మాట ఎవరెత్తినా చూపించేవాడిని.

ఆక్యుపేషనల్ థెరపీ అంటే చేతివేళ్లకు చేయించే వ్యాయామం, ఫిజియోథెరపీకి తోకలాంటిది అని అప్పటిదాకా నా అభిప్రాయం. నా చేతులు బాగానే పనిచేస్తున్నాయి కాబట్టి అక్కడికి ఎందుకు పంపారో అర్థం కాలేదు. థెరపిస్టు మేడమ్ మొదటి రోజు పరీక్ష ఏదీ పెట్టలేదు. నా రోజు ఎలా గడుస్తుందో అడిగారు. చేయాల్సిన పనులు, చేయాలని నేను కోరుకుంటున్న పనులు, నా నుంచి ఇంట్లోవాళ్లు ఆశిస్తున్న పనులు ఏమిటో చెప్పించి, వాటిలో ముఖ్యమైన వాటికి రెండు అంకెలు నన్నే వేయమన్నారు. ఆ పని ఎంత బాగా చేయగలుగుతున్నానన్నది ఒకటి, చేస్తున్న తీరుతో ఎంత తృప్తిగా ఉన్నానన్నది రెండోది, రెండూ 1 నుంచి 10 వరకు. సీఓపీఎం అనే ఈ పద్ధతి కెనడాలో పుట్టింది. మళ్లీ కొలిచినప్పుడు రెండు అంకెల తేడా ఉంటే దాన్ని గణనీయమైన మార్పుగా చూస్తారు. మందులు వేసుకోవడం, బిల్లులు కట్టడం, తిరిగి ఉద్యోగానికి వెళ్లడం, బండి నడపడం అని నాలుగు రాశాం. మందులకు నేను తొమ్మిది వేసుకున్నాను. పక్కన కూర్చున్న అక్క అంతసేపూ మౌనంగా ఉండి, అప్పుడు మాత్రం, "మందులు రోజూ నేనే కదరా చేతిలో పెడుతున్నాను" అంది. మేడమ్ ఆ తొమ్మిదిని దిద్దలేదు, పక్కన తేదీ వేసి ఉంచారు.

తర్వాతి సారి మందుల పనే చేయించారు. వారానికి సరిపడే గళ్ల డబ్బా, రోజుకు మూడు గళ్ల చొప్పున మొత్తం 21. నాలుగు రకాల మందులతో ఒక చీటీ. మాత్రల బదులు సీసాల్లో రంగు పూసలు. ఒకటి రోజుకు రెండుసార్లు, ఒకటి రాత్రి మాత్రమే, ఒకటి రోజు విడిచి రోజు, మరొకటి మూడు పూటలా. "చీటీ ప్రకారం నింపి, అయిపోయాక చెప్పండి" అని మాత్రమే అని, ఆవిడ పక్కకు జరిగి కూర్చున్నారు. నేను ఒక్కో సీసా తీసుకుని వారమంతా వేసుకుంటూ వచ్చాను. రెండో సీసా బుధవారం దాకా వచ్చేసరికి బల్ల చివర ఉన్న ఫోన్ మోగింది. ఎత్తాను, ఎవరో ఒక నంబరు చెప్పి రాసుకోమన్నారు, రాశాను. తిరిగి కూర్చుని బుధవారం నుంచే అందుకున్నాను, అయితే ఈసారి ఒక్కో సీసాగా కాక ఒక్కో రోజుగా నింపడం మొదలుపెట్టాను, పద్ధతి మారిందన్న స్పృహ ఏమాత్రం లేకుండా. బుధవారం ఉదయం గడిలో తెల్లపూసలు రెండు పడ్డాయి. పచ్చపూస రోజు విడిచి రోజు వేయాల్సింది వరుసగా మూడు రోజులు పడింది. "అయిపోయింది" అన్నాను.

"ఒకసారి సరిచూసుకుంటారా?" అన్నారు ఆవిడ. చూసుకున్నాను. కళ్లు ప్రతి గడి మీదా ఆగాయి, అంతా సరిగ్గానే ఉందని చెప్పాను. అప్పుడు చీటీలో ఒక వరుస మీద వేలు పెట్టి, బుధవారం గడిలో ఏముందో పైకి చదవమన్నారు. రెండు అని చదివాను. అయినా తప్పు నాది అనిపించలేదు, ఫోన్ మోగడం వల్ల అలా అయిందని వాదించాను. మూర్ఛ రాకుండా నాకు నిజంగా ఇచ్చిన మందు కూడా ఆ చీటీలో ఒకటని, అలాంటి మందు ఒక పూట రెట్టింపై మరో పూట తప్పిపోతే ఏమవుతుందో చెప్పి, "ఇంట్లో ఫోన్ మోగదా?" అని మాత్రం అడిగారు.

ఆవిడ కూర్చుని రాసుకుంటున్నది నా తప్పుల లెక్క కాదని తర్వాత తెలిసింది. ఏ దశలో ఎంత సాయం అవసరమైందన్నదే ఆ కొలత: సాయమే అక్కర్లేకపోవడం, "ఇప్పుడేం చేయాలి?" అనే ప్రశ్నతో సరిపోవడం, సైగ అవసరం కావడం, ఫలానాది చేయమని నేరుగా చెప్పాల్సి రావడం, చేయి పట్టి చేయించాల్సి రావడం, చివరికి ఆవిడే చేసేయాల్సి రావడం. వంట, ఫోన్, మందులు, బిల్లు చెల్లింపు అనే నాలుగు పనులతో ఇలా కొలిచే ప్రామాణిక పరీక్ష ఒకటి ఉంది. అందులో మార్కులకన్నా పనికొచ్చే సంగతి ఏమిటంటే, ఇంట్లోవాళ్లు ఎంత సాయం చేస్తే చాలో, ఎక్కడ చేయి వేయకూడదో దాన్నిబట్టి తెలుస్తుంది. నా మందుల పనికి సైగ చాలదు, నేరుగా చెప్పాల్సిందే అని తేలింది.

మరి 30కి 27 ఎలా వచ్చాయి? ఈ ప్రశ్న ఆవిడను కాస్త కోపంగానే అడిగాను. పరీక్ష గదిలో నిశ్శబ్దం ఉంటుంది, ఒకసారి ఒకే పని ఉంటుంది, ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో ఎదుటి మనిషి చెబుతుంటారు. అంటే నా ఫ్రాంటల్ లోబ్ చేయాల్సిన పనిని అక్కడ పరీక్ష పెట్టేవారే చేసిపెడుతున్నారన్నమాట. లండన్‌కు చెందిన టిమ్ షాలిస్, పాల్ బర్జెస్ 1991లో ప్రచురించిన పరిశోధన గురించి ఆవిడ ద్వారానే విన్నాను. తలకు గాయమైన ముగ్గురు మనుషులు గదిలో పెట్టిన పరీక్షల్లో చాలావరకు బాగానే నెగ్గారు, కానీ వీధిలోకి వెళ్లి కొన్ని చిన్న చిన్న పనులు కొన్ని నియమాల ప్రకారం చేసుకురమ్మంటే తడబడ్డారు. ఆ ముగ్గురి గురించి చదువుతున్నప్పుడే నాకు మొదటిసారి కాస్త భయం వేసింది. ఫోన్‌లోని ఫొటో తీసేయలేదు గానీ, ఎవరికీ చూపించడం మానేశాను.

లోపం ఉందని తెలియకపోవడం కూడా గాయంలో భాగమే అన్న సంగతి నాకు అన్నిటికన్నా ఆలస్యంగా ఎక్కింది. నేను మొండికేస్తున్నానని, నిజం ఒప్పుకోవడం ఇష్టం లేక దాటవేస్తున్నానని ఇంట్లో అనుకున్నారు. తూనికరాయే అరిగిపోయినవాడు తూకం సరిగ్గా ఉందో లేదో దేన్ని పెట్టి చూసుకుంటాడు? ఈ ఎరుకకు మూడు అంతస్తులు ఉంటాయని 1989లో బ్రూస్ క్రాసన్ బృందం వర్ణించింది: నాకు ఫలానా ఇబ్బంది ఉందని తెలియడం మొదటిది, ఆ ఇబ్బంది ఎదురవుతున్న క్షణంలో దాన్ని పట్టుకోగలగడం రెండోది, ఎదురుకాకముందే ఇక్కడ తడబడతానని ఊహించగలగడం మూడోది. మొదటిది ఎవరైనా చెబితే వస్తుంది. మిగిలిన రెండూ చెబితే రావు, పని చేస్తేనే వస్తాయి.

దానికి ఆవిడ వాడిన సాధనం ఒక కాగితం, మధ్యలో నిలువు గీత. ప్రతి పనికీ ముందు ఎడమవైపు నేను రాయాలి: ఎంతసేపు పడుతుంది, ఎన్ని తప్పులు వస్తాయి, ఎక్కడ రావచ్చు. పని అయ్యాక కుడివైపు జరిగింది రాయాలి. ఎవరూ వ్యాఖ్యానించరు, మందలించరు. మొదట్లో నా ఎడమ వరుస అంతా సున్నాలే, కుడి వరుసలో ఎప్పుడూ ఏదో ఒక అంకె. ఇంకొకరు చెబితే వాదించేవాడిని. నా చేతిరాతతో వాదించడం కుదరలేదు. మెల్లగా ఎడమ వరుసలో "మధ్యలో ఎవరైనా పలకరిస్తే తప్పుతాను" వంటి మాటలు కనిపించసాగాయి. ఒకరోజు బిల్లుల పని మొదలుపెట్టబోతూ నేనే లేచి ఫోన్‌ను సైలెంట్‌లో పెట్టి వచ్చాను, ఎవరూ చెప్పలేదు. మేడమ్ ఆ రోజు బిల్లుల్లో వచ్చిన తప్పులను పట్టించుకోకుండా ఆ ఒక్క సంగతినే కాగితం మీద పెద్ద అక్షరాలతో రాశారు.

ఈ ఎరుకకు మూల్యం కూడా ఉంటుంది, దీన్ని ముందే చెప్పేవారు ఉంటే బాగుండేది. సీఓపీఎం అంకెలు మళ్లీ అడిగినప్పుడు మందులకు తొమ్మిది నుంచి ఐదుకు దిగాను, నిజానికి అప్పటికి మందులు మునుపటికన్నా ఎంతో బాగా సర్దుకుంటున్నా. అంకె పడిపోయినందుకు ఆవిడ సంతోషించారు. నాకు మాత్రం ఆ వారాల్లో నిద్ర పట్టలేదు, మనిషినే తరిగిపోయానన్న దిగులు పట్టుకుంది. కోలుకునే దారిలో ఈ మలుపు చాలామందికి వస్తుందని తర్వాత తెలిసి, మానసిక వైద్యుల సాయం కూడా తీసుకున్నాను. ఇంట్లోవాళ్లు దీన్ని వెనక్కి జారడంగా పొరబడే అవకాశం ఎక్కువ.

ఫోన్‌లో క్యాలెండర్ వాడటం నేర్పిన పద్ధతి నాకు చాలా వింతగా అనిపించింది. మామూలుగా ఎవరికైనా నేర్పేటప్పుడు ముందు ప్రయత్నించమని, తప్పితే సరిదిద్దుతామని అంటాం. ఇక్కడ నేను ఒక్క క్షణం తటపటాయిస్తే చాలు, "ఊహించవద్దు, నన్ను అడగండి" అని ఆవిడ తర్వాతి మెట్టు చెప్పేసేవారు. జ్ఞాపకశక్తి బాగున్నవారు తాము చేసిన తప్పును గుర్తుంచుకుని దాన్ని పక్కన పెడతారు. అది దెబ్బతిన్నవారికి తప్పు చేసిన సంగతి గుర్తుండదు గానీ, చేసిన కదలిక మాత్రం చేతికి అలవాటైపోతుంది. అందుకే అసలు తప్పుకు చోటివ్వకుండా నేర్పాలని 1994లో అలన్ బాడ్లీ, బార్బరా విల్సన్ చూపించారు. అదే విల్సన్ బృందం 2001లో ప్రచురించిన మరో అధ్యయనంలో 143 మందికి పేజర్ ద్వారా వేళకు గుర్తుచేసే సందేశాలు పంపగా, అధ్యయనం పూర్తి చేసినవారిలో 80 శాతానికి పైగా తమ పనులు మునుపటికన్నా బాగా చేసుకోగలిగారు. ఇప్పుడు పేజర్ల అవసరం లేదు, ఆ పని ఫోన్ చేస్తుంది. అయితే అలారంలో "మందులు" అని రాస్తే నాకు చాలేది కాదు. మోగగానే ఆపేసి మరిచిపోయేవాడిని. "లేచి డబ్బా తెరిచాకే అలారం ఆపాలి" అని రాసుకున్నాకే అది పనిచేసింది.

పజిళ్ల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే పరామర్శకు వచ్చిన ప్రతి ఒక్కరూ పదవినోదమో సుడోకో ఫోన్‌లో మెదడు ఆటలో సూచించే వెళ్లారు. అవి హాయిగా ఉంటే ఆడుకోవచ్చు. 2010లో ఎడ్రియన్ ఓవెన్ బృందం నేచర్ పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో ఆరోగ్యవంతులైన 11,430 మంది ఆరు వారాల పాటు కంప్యూటర్ మీద అలాంటి అభ్యాసాలు చేశారు. అభ్యాసం చేసిన ఆటల్లో మెరుగయ్యారు, చేయని వాటిలో మాత్రం, అవి దగ్గరి పోలిక ఉన్నవే అయినా, ఆ మెరుగుదల కనిపించలేదు. సుడోకులో నేర్పు వస్తే సుడోకులో నేర్పు వచ్చినట్టే, మందుల డబ్బాకు అది వంతెన వేయదు. నా థెరపీ గదిలో బిల్లులు, డబ్బాలు, ఫోన్లు, పటాలు ఎందుకు ఉన్నాయో, రంగురంగుల కంప్యూటర్ ఆటలు ఎందుకు లేవో నాకు అప్పుడు అర్థమైంది.

తర్వాత నేర్చుకున్నది ఆగడం. ఇయాన్ రాబర్ట్‌సన్ రూపొందించిన గోల్ మేనేజ్‌మెంట్ ట్రైనింగ్‌లో ఇది ప్రధానం: చేస్తున్న పనిని ఆపు, అసలు దేనికోసం చేస్తున్నానో చెప్పుకో, ముక్కలుగా విడదీయి, సరిచూసుకో. వినడానికి పిల్లలకు చెప్పే మాటల్లా ఉంటాయి. దీన్ని ఆసుపత్రి ఆవరణలోనే అభ్యాసం చేయించారు: ఫలానా కౌంటర్‌లో ఒక ఫారం తీసుకోవాలి, ఒక విభాగం పనివేళలు కనుక్కోవాలి, సరిగ్గా చెప్పిన సమయానికి ప్రవేశద్వారం దగ్గర మేడమ్‌ను కలవాలి, ఒకసారి వెళ్లిన అంతస్తుకు మళ్లీ వెళ్లకూడదు. ఫారం కోసం నిలబడ్డ వరుసలో ముందున్నాయనతో మాటల్లో పడి సమయం సంగతే మరిచాను. రెండోసారి వెళ్లినప్పుడు ప్రతి తలుపు దగ్గరా ఆగి, "ఇప్పుడు నేను దేనికోసం వచ్చాను?" అని పెదవులు కదిలేలా అనుకుంటూ తిరిగాను. చూసేవారికి వింతగానే ఉండి ఉంటుంది. కలవాల్సిన వేళకు మాత్రం అక్కడ ఉన్నాను.

అలసట గురించి క్లుప్తంగా: తల గాయం తర్వాతి అలసట విశ్రాంతి తీసుకుంటే తీరే మామూలు అలసట కాదు, అది వచ్చాక నేర్చుకున్న ఉపాయాలన్నీ ఒకేసారి జారిపోతాయి. కాబట్టి బరువైన పనులన్నీ ఉదయానికి మార్చి, అలసట రాకముందే, బాగానే ఉన్నాననిపిస్తున్నప్పుడే, విరామం తీసుకోవడం అలవాటు చేయించారు.

నా ఉద్యోగం లెక్కల విభాగంలో. మేడమ్ నా పనిని పేరుతో కాకుండా కదలికలుగా విడదీయించారు: రెండు జాబితాలు పోల్చడం, తేడా కనిపిస్తే ఎవరిని అడగాలో తేల్చుకోవడం, మధ్యలో వచ్చే ఫోన్లకు బదులివ్వడం, వదిలిన చోటి నుంచి తిరిగి అందుకోవడం. మొదటి రెండూ పెద్దగా చెడలేదు. నాలుగోది దాదాపు పోయింది. అందుకని తలెత్తి ఎవరికైనా బదులివ్వబోయే ముందు, ఎవరైనా సరే, ఏ వరుసలో, ఏ పద్ధతిలో ఉన్నానో పెన్సిల్‌తో ఒక ముక్క రాసి, "ఒక్క నిమిషం" అన్నాకే తలెత్తాలన్నది నియమం. పై అధికారికి కూడా అలాగే. మొదట ఆయనకు ఇబ్బందిగా ఉండేది. కారణం వివరించాక నాతో మాట్లాడాల్సినవన్నీ దాచుకుని రోజుకు రెండు వేళల్లో చెప్పడం మొదలుపెట్టారు. పూర్తి పనివేళలకు మెల్లగా, ఉదయం పూటలతో మొదలుపెట్టి వెళ్లాను; గంటలు పెంచిన ప్రతిసారీ తప్పులు కొద్దిగా పెరిగి, మళ్లీ తగ్గేదాకా అక్కడే ఆగేవాళ్లం.

మొన్న ముగింపు సమీక్షలో అవే నాలుగు పనులకు మళ్లీ అంకెలు వేశాను. మందులకు ఎనిమిది, బిల్లులకు ఏడు, ఉద్యోగానికి ఆరు. మందుల డబ్బా నేనే నింపుతున్నాను, ఆదివారం రాత్రి అక్క ఒకసారి చూస్తుంది, ఆ చూపు మాత్రం కొనసాగించాలనే నిర్ణయించాం. బండి నడపడానికి అంకె వేయలేదు. అది కూర్చుని వేసుకునే అంకె కాదని, శిక్షకుడు పక్కన ఉండగా రోడ్డు మీద జరిపే పరీక్షతోనే తేలాలని మేడమ్ అన్నారు. ఆ పరీక్షకు పేరు నమోదు చేసుకున్నాను. దరఖాస్తుతో పాటు జతచేయాల్సిన కాగితాల్లో ఎడమ వరుస, కుడి వరుస ఉన్న పాత కాగితాలు కూడా పెట్టాను. అడగలేదు గానీ, పరీక్షించేవారికి మోకా స్కోరుకన్నా అవే ఎక్కువ చెబుతాయనిపించింది.